నువ్వు ఏ ఎలుగువి నాన్నా?

ఫిబ్రవరి 3, సోమవారం

సూపరింటెండెంటు గారు పొద్దున్నే పిలిపించారు. నెలాఖరున డ్రిల్లు. ఎలుగు బోను దాటి బయటికొస్తే ఎలా ఆపాలో ఏటా ఒకసారి ఆడి చూసుకునే డ్రిల్లే. కాకపోతే ఈసారి చూడటానికి వేరే జూల నుంచి అధికారులు వస్తున్నారట. మన దగ్గర నేర్చుకుని వెళతారట.

"ఎలుగు సిద్ధమేనా?" అన్నారాయన.

"ఎలుగు ఎప్పుడూ సిద్ధమే సార్."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. ఉన్నమాటే చెప్పాను. ఎలుగుల సెక్షనుకు పెద్ద కీపర్ని నేను, డ్రిల్లు రోజున ఎలుగునీ నేనే. ఆ ఎలుగు వేషం తొడుగు ఇంతవరకు ఇంకో మనిషి ఒంటిమీదికి ఎక్కలేదు. ఒకసారి నాకు జ్వరం వస్తే డ్రిల్లునే వాయిదా వేశారు. సూపరింటెండెంట్లు మారారు, డాక్టర్లు మారారు, ఎలుగు మారలేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ పెట్టె మీద నుంచి తొడుగు దించి ఎండలో వేసింది. కుట్టింది తనే. ఏటా ఎక్కడో ఒకచోట అతుకు వేసేదీ తనే.

ఫిబ్రవరి 5, బుధవారం

మధ్యాహ్నం బోనుల ముందు ఎలుగుల ముచ్చట చెప్పే వేళకి జనం బాగానే చేరారు. మేం పెద్దాయన అని పిలుచుకునే గోధుమరంగు ఎలుగు ఎప్పటిలాగే వెల్లకిలా పడుకుని పొట్ట గోక్కుంటున్నాడు. ఒక పెద్దమనిషి అది చూసి పకపకా నవ్వాడు.

"ఇది పరిగెడుతుందా? మా మేనేజరే నయం కదండీ!"

ఇలాంటివాళ్ళంటే నాకు మహా ఇష్టం. దగ్గరికి పిలిచి భుజం మీద చెయ్యేశాను.

"ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి పరిగెత్తండి సార్. వెనక మా వాడు వస్తాడు. గోధుమరంగు ఎలుగు గంటకి యాభై కిలోమీటర్లు దాటి పోతుంది. మీరు చెప్పు వదిలేసి వెనక్కి చూసేలోపు మీ పక్కనుంటాడు."

ఆ తర్వాత వరసగా అందుకున్నాను. అటు బోనులో మూతి ముడుచుకు కూర్చున్న నల్ల ఎలుగు యాభైకి కాస్త ఇటు. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకు తిరిగే జాతి, ఒంటినిండా జులపాలున్న మా ముసలిది, అది కూడా ముప్పై దాటుతుంది. మంచుదేశపు తెల్ల ఎలుగు నలభై దాకా పోతుంది కానీ ఎక్కువసేపు కాదు, ఒళ్ళు కాగిపోయి కూలబడుతుంది. పాండా ముప్పై, అదీ దానికి బుద్ధి పుడితే.

పెద్దమనిషి నోరు మూత పడలేదు. ఈ అంకెలు నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇన్నేళ్ళలో ఒక్క అంకె కూడా తడబడలేదు.

ఫిబ్రవరి 8, శనివారం

మా అమ్మాయికి పోస్టింగు ఇచ్చారు. ఎక్కడో తెలుసా? నా సెక్షన్లోనే! జంతువుల చదువు చదివి, పరీక్ష రాసి, వందలమందిని దాటుకుని వచ్చింది. ఎవరి సిఫార్సూ లేదు. ఈ సంగతి సాయంత్రం లోపు ఎవరు చెప్పారో ఏమో జూలో అందరికీ తెలిసిపోయింది. నేను ఓ పదిమందికి మించి చెప్పలేదు.

డ్యూటీ నేనే వేశాను. షట్టరు గొలుసు దగ్గర. బోనుల నుంచి వాలుగా దిగే నడవా చివర ఆ షట్టరు ఉంటుంది. దాని అవతల క్యాంటీను, జనం. ఎలుగు బయటపడిందని ఈల వినగానే గొలుసు లాగి షట్టరు దించాలి. సెక్షన్లో అంతకంటే నమ్మకమైన పని లేదు. నా కూతురు కాక ఎవరు చేస్తారు?

"సార్, అలాగే సార్" అని సెల్యూట్ కొట్టింది, నవ్వాపుకుంటూ.

ఫిబ్రవరి 9, ఆదివారం

మోకాలికి ఏమీ లేదు. చలి.

ఫిబ్రవరి 12, బుధవారం

జూ తెరవకముందే వెళ్ళి నడవాలో పరుగు సాధన చేస్తున్నాను. ఒంట్లో చురుకు తగ్గలేదు. రెండోసారికి కాస్త ఆగాల్సి వచ్చింది, అదీ బూటు లేసు ఊడినందుకు.

తొడుగు నడుము దగ్గర పట్టలేదు. ఎండలో వేస్తే బట్ట ముడుచుకుపోయిందని మా ఆవిడతో అన్నాను.

"ఏటా ముడుచుకుపోతూనే ఉందండీ, పాపం" అంటూ మరో గుడ్డ అతికింది.

ఆవిడ తమ్ముడు, అంటే మా బావమరిది, గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడు. జూలో మేత బండి తోలేది అతనే. "బావా, ఈ ఏడు ఎలుగుకి కడుపొచ్చినట్టుంది" అన్నాడు. అతని మాటలు నేను పట్టించుకోను.

ఫిబ్రవరి 15, శనివారం

పొద్దున పెద్దాయన బోను గొళ్ళెం పూర్తిగా పడకుండా ఉంది. అమ్మాయి చూసింది. రాత్రి వేసిన కుర్రాడిదే తప్పు. లోపలి తలుపు వేసే ఉంది కాబట్టి ఏమీ కాలేదు. కొంచెం నూనె వేయించి సరిచేశాను. పైవాళ్ళకి చెప్పాల్సినంత సంగతి కాదు.

అమ్మాయి మాత్రం రోజంతా ముభావంగా ఉంది. సాయంత్రం ఇంటికొస్తూ దారిలో అడిగింది.

"నాన్నా, డ్రిల్లులో నువ్వు ఏ ఎలుగువి?"

"అదేం ప్రశ్న? పెద్దాయన్ని. గోధుమరంగు ఎలుగుని."

"అంటే యాభై దాటి వస్తావన్నమాట."

"వస్తా" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇవాళ సెలవైనా అమ్మాయి నన్ను జూకి లాక్కెళ్ళింది. నడవా గోడ దగ్గర నిలబెట్టింది.

ఆ గోడంటే నాకు ప్రాణం. డ్రిల్లు అయ్యాక, షట్టరు నేలకి తగిలే సమయానికి ఎలుగు ఎక్కడుందో అక్కడ గోడ మీద రంగుతో పంజా గుర్తు వేసి, కింద సంవత్సరం రాస్తాం. నా పంజానే రంగులో ముంచి అద్దుతారు. మొదటి గుర్తు షట్టరుకి ఆనుకునే ఉంది. ఆ ఏడు నా ముక్కు దానికి కొట్టుకుంది కూడా. అక్కడి నుంచి ఏటేటా గుర్తు వెనక్కి, బోనుల వైపు జరుగుతూ వచ్చింది. కిందటేడు గుర్తు సగం నడవాలో ఉంది. అంటే ఎలుగు సగం దారిలో ఉండగానే మనవాళ్ళు షట్టరు దించేశారన్నమాట. ఆ గుర్తు వేసిన రోజు సూపరింటెండెంటు గారు నన్ను కౌగిలించుకున్నారు. భద్రతకి మాకు షీల్డు వచ్చిందంటే ఈ గోడ చూసే.

"మనవాళ్ళు ఏటేటా ఎంత చురుకయ్యారో చూడు" అన్నాను.

"గొలుసు అదే, షట్టరు అదే. ఇన్నేళ్ళూ గొలుసు లాగినవాళ్ళూ వాళ్ళే. ఎలా చురుకవుతారు నాన్నా?"

"సాధన."

"ఏడాదికి ఒక్కసారి సాధనా?" తర్వాత గొంతు తగ్గించింది. "ఇవి షట్టరు గుర్తులు కావు. నీ వయసు గుర్తులు. వాళ్ళు చురుకవలేదు, నువ్వు నెమ్మదించావు."

చెంప మీద కొట్టినట్టయింది. వాలులో ఎలుగు తడబడుతుంది, ముందుకాళ్ళు పొట్టి, మనం అనుకున్నంత వేగం రాదు అన్నాను. ఎప్పుడో ఎవరో చెప్పగా విన్న మాట, ఆ పూట నోటికొచ్చింది.

"ఎలుగుకి ఎత్తయినా పల్లమైనా ఒకటే. ఆ సంగతి నీకు నాకంటే బాగా తెలుసు" అంది. "తొడుగు వేసుకుని నువ్వొచ్చే వేగానికి పాండా కూడా ఆవలిస్తుంది నాన్నా."

నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన పిల్ల! ఇన్నేళ్ళ నా పరువుని గోడకేసి కొట్టింది. నేను పుట్టించిన పిల్లే నాకు ఎలుగు గురించి పాఠం చెబుతోంది. ఇంటికి ఎవరి దారిన వాళ్ళం వచ్చాం.

ఫిబ్రవరి 17, సోమవారం

మాట్లాడలేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

మాట్లాడలేదు. మధ్యాహ్నం ముచ్చటలో గోధుమరంగు ఎలుగు అంకె దగ్గర తడబడ్డాను. యాభై అనబోయి ఆగాను. దగ్గి నీళ్ళు తాగాను. దుమ్ము.

ఫిబ్రవరి 19, బుధవారం

అసలు డ్రిల్లు అంటే వేగం ఒక్కటే కాదు. క్రమశిక్షణ. ఈల వినగానే ఎవరి చోటికి వాళ్ళు పరిగెత్తడం, క్యాంటీను తలుపులు వేయడం, డాక్టరు గారు మత్తు తుపాకీ సిద్ధం చేసుకోవడం. ఎలుగు తాకినవాళ్ళు అక్కడికక్కడే నేలమీద కూర్చోవాలి, వాళ్ళు చచ్చినట్టు లెక్క. ఇన్నేళ్ళలో ఎవరూ కూర్చోలేదు. అది మా ఘనత కాదా? ఎవరూ కూర్చోకపోవడం తప్పా?

ఇదంతా మా ఆవిడకి చెప్పాను. గుండీ కుడుతూ విని, దారం పళ్ళతో కొరికి, "గొలుసు దగ్గర ఉండేది మన పిల్లేనా?" అంది. అవునన్నాను. ఇంకేమీ అనలేదు.

ఆవిడ అనకపోవడమే నాకు నచ్చలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

నేనే అమ్మాయితో మాట్లాడాను. "సరే, రుజువు చెయ్" అన్నాను. నోరు మూయించాలనే అన్నాను, దాచుకోవడం దేనికి?

జూ తెరవకముందు మామయ్య బైకు తీసుకొచ్చింది. నన్ను గొలుసు దగ్గర నిలబెట్టింది. ఎప్పుడూ అటు నుంచి వచ్చేవాణ్ణే తప్ప ఇటు వైపు నేను ఒక్కసారీ నిలబడలేదు. ఇక్కడి నుంచి చూస్తే నడవా ఎంత పొట్టిగా ఉందో ఇన్నేళ్ళూ నాకు తెలియదు.

"మొదట జులపాల ముసలిది వస్తోంది నాన్నా" అని పైనుంచి కేకేసింది. బోనుల వెనక నుంచే వేగం అందుకుని, బోను తలుపు దగ్గరికి వచ్చేసరికి స్పీడు ముల్లు ముప్పై చూపించేలా తోలింది. మా బావమరిది ఈల వేశాడు. లాగాను. బైకు నన్ను దాటేసరికి షట్టరు నా ఛాతీ దాకా దిగింది. మనిషి వంగి దూరేటంత సందు. ఎలుగుకి వంగడం ఒక లెక్కా?

"ఇప్పుడు మూతిముడుపు నల్లది." నలభై అయిదు. షట్టరు నా తలకంటే ఎత్తులోనే ఉండిపోయింది.

మూడోసారి అది ఏమీ అరవలేదు. అరవక్కర్లేదు. ఈల వినబడింది. గొలుసు చేతికి దొరకబుచ్చుకుని మొదటి లాగు లాగానో లేదో, పక్కన గాలి కొట్టి నా చొక్కా ఎగిరింది. అమ్మాయి క్యాంటీను గుమ్మం దగ్గర బ్రేకు వేసి ఆగింది.

అది బైకు కాదు, పెద్దాయన అయితే అనుకున్నాను. ఆ గొలుసు పట్టుకుని ఉన్నది నేను కాదు అనుకున్నాను. అక్కడే చప్టా మీద కూర్చుండిపోయాను.

ఎవరో ఊరుకోబెట్టినట్టు వీపు మీద చెయ్యి పడింది. ఆ చెయ్యి మా అమ్మాయిదే. ఎగతాళి చేస్తుందేమో అనుకున్నాను. చేయలేదు.

"నీ అంకెలన్నీ కరెక్టే నాన్నా. ఒక్కటి కూడా తప్పులేదు" అంది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

సూపరింటెండెంటు గారికి అంతా చెప్పాను. గొళ్ళెం సంగతి కూడా. షట్టరు మార్చాలి, ఒక్క మీట నొక్కితే దభీమని పడేది పెట్టాలి, అప్పటిదాకా పెద్దాయన్ని బయటి ఆవరణలోకి వదలకూడదు అన్నాను.

ఆయన చెడ్డమనిషి కాదు. శ్రద్ధగానే విన్నారు. "వచ్చే ఏడు చూద్దాం. ఈ డ్రిల్లు మాత్రం ఎప్పటిలాగే కానివ్వండి. అందరి ముందూ మనల్ని మనం పలచన చేసుకోవడం దేనికి? మీ పేరు కూడా పోతుంది" అన్నారు.

వచ్చే ఏడు దాకా నా కూతురు ఆ గొలుసు దగ్గరే నిలబడాలి. బదిలీ చేయించనా అని ఒక్క క్షణం అనిపించింది. చేయిస్తే అక్కడ ఇంకెవరి కూతురో నిలబడుతుంది. పైగా మా అమ్మాయి కదలదు, నా మొండితనం ఎక్కడికి పోతుంది?

ఫిబ్రవరి 24, సోమవారం

బావమరిదితో ఒక మాట అనుకున్నాం. అతను మొదట నవ్వాడు, తర్వాత "బావా, నువ్వు నిజంగానే అంటున్నావా?" అన్నాడు. అమ్మాయికి చెప్పలేదు. చెబితే ఈలకి ముందే దాని చెయ్యి గొలుసు మీద ఉంటుంది.

మా ఆవిడకి మాత్రం చెప్పక తప్పలేదు. తొడుగు కాళ్ళు వెడల్పు చేయాలి కదా, బైకు మీద కూర్చోవడానికి.

ఫిబ్రవరి 27, గురువారం

ఇవాళ్టిలాంటి ఎలుగు ఈ జూలో పుట్టలేదు, ఇక పుట్టబోదు.

అతిథులు క్యాంటీను ముందు కుర్చీల్లో కూర్చున్నారు. సూపరింటెండెంటు గారు ఇస్త్రీ ప్యాంటు వేసుకుని మైకులో మా గోడ గురించి, షీల్డు గురించి చెబుతున్నారు. నేను బోనుల వెనక, తల తగిలించుకుని, బావమరిది వెనక ఎక్కి కూర్చున్నాను. పెద్దాయన బోనులోంచి మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"గట్టిగా పట్టుకో బావా."

"ముల్లు యాభై దగ్గర ఉండాలి. ఒక్క గీత తగ్గినా ఊరుకోను."

ఈల పడింది. వాలులో గాలి తొడుగులోకి దూరి నేను బుడగలా ఉబ్బాను. ఆ గోడ మీది నా పంజా గుర్తులన్నీ ఒక్క గీతలా కలిసిపోయి వెనక్కి పోయాయి. షట్టరు కింద నుంచి వెళుతుంటే నా తలకీ దానికీ మధ్య ఇంకో ఎలుగు పట్టేంత ఖాళీ ఉంది. కుర్చీల ముందు బ్రేకు. దిగాను.

ఎవరూ కదల్లేదు. కదిలే సమయం ఎక్కడిది? డాక్టరు గారు మత్తు తుపాకీ పెట్టె తాళం తీస్తున్నారు, భుజం మీద పంజా వేశాను, తాళంచెవి పట్టుకునే కూర్చుండిపోయారు. క్యాంటీను తలుపు వేయాల్సిన ఇద్దరు. అతిథుల్లో ముందు వరస మొత్తం. ఒకాయన లేచి పారిపోబోయాడు, అయిదు అంగల్లో పట్టుకున్నాను, మోకాలు కలుక్కుమన్నా వదల్లేదు. చివరికి మైకు దగ్గరికి వెళ్ళి సూపరింటెండెంటు గారి ముందు నిలబడ్డాను. నా వంక చూశారు, వాలు వంక చూశారు, షట్టరు వంక చూశారు. అది సగంలోనే ఆగి ఉంది.

తాకాను. ఇస్త్రీ ప్యాంటుతో నేలమీద కూర్చున్నారు. కూర్చునే మైకులో అన్నారు, "ఇది యాభై కిలోమీటర్ల వేగం. మా ఎలుగు చెప్పిన వేగం. నిన్నటిదాకా మేము వినలేదు."

పెద్దమనిషి అనిపించుకున్నారు. నేలమీద కూర్చుని అలా ఒప్పుకోవడానికి గుండె ఉండాలి. సాయంత్రంలోపే ఆర్డరు వేశారు, కొత్త షట్టరు బిగించేదాకా పెద్దాయన బయటి ఆవరణలోకి రాడు, బోనుకి రెండు గొళ్ళేలు. అతిథుల్లో ఒకాయన వెళుతూ నా దగ్గరికి వచ్చి, "మా జూలో ఎలుగు వేషం ఎవరు వేస్తారో తెలుసా? వచ్చే ఏడు రిటైరయ్యే గుమాస్తా" అని తల పట్టుకున్నాడు.

మా ఆవిడ ఈ రాత్రి తొడుగు విప్పదీసి ఉతకడానికి నానబెట్టింది. "అతుకులన్నీ నిలిచాయండీ" అంది. అవును, నిలిచాయి. ఒళ్ళంతా నొప్పులు. నిద్ర పట్టడం లేదు, గర్వంతో.

ఫిబ్రవరి 28, శుక్రవారం

నిన్న ఒకటి రాయలేదు.

షట్టరు దాటాక నేను దిగగానే, అందరికంటే ముందు ఎదురైంది మా అమ్మాయి. రెండు చేతులా గొలుసు పట్టుకుని ఉంది, అరచేతులు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. ఈల వినబడిన క్షణం నుంచి ఒక్క లాగు కూడా వృథా చేయలేదు. ఇన్నేళ్ళలో ఆ గొలుసు అంత వేగంగా ఎవరూ లాగి ఉండరు. అయినా చాలలేదు.

నిబంధన ప్రకారం మొదట దాన్నే తాకాలి. పంజా ఎత్తాను. చెయ్యి దిగలేదు. తొడుగు లోపల చెమట కళ్ళలోకి కారుతోంది, అది చెమటేనని రాయబోయి ఇప్పుడే ఆగాను. ఏడుపు. నా పిల్ల మీద ఆ పంజా వేయలేకపోయాను. చూడనట్టు పక్కనుంచి వెళ్ళిపోయాను.

వెనక గొలుసు చప్పుడు ఆగింది. తిరిగి చూశాను. అది గొలుసు వదిలేసి, తనంతట తానే నేలమీద కూర్చుంది. వీపు నిటారుగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా కళ్ళలోకే చూస్తోంది. నేను చేయలేని పని నా కూతురు చేసింది. అప్పుడు వెళ్ళాను డాక్టరు దగ్గరికి, మిగతావాళ్ళ దగ్గరికి. లేకపోతే ఒక్కణ్ణి కూడా తాకగలిగేవాణ్ణి కాదు.

షీల్డు వచ్చినప్పుడు కూడా నా ఛాతీ ఇంత పొంగలేదు.

డ్రిల్లు ముగిసిందని ఈల వేశారు. చచ్చినవాళ్ళందరూ లేచి బట్టలు దులుపుకుంటున్నారు. అది మాత్రం లేవలేదు.

"ఏంటమ్మా, లే" అన్నాను.

"ఎలుగు కాదు. నాన్న చెప్తేనే లేస్తా."

ఎలుగు తల తీసి కింద పెట్టాను. చెయ్యి ఇచ్చి లేపాను.